ముద్దయి – ముద్దాయి : వ్యవహారపదములందలి కర్తృకర్మవివేకము

ఈ వ్యాసమున నేను విచారింపఁ దలఁచిన విషయము చూపునకు స్వల్పము. న్యాయస్థానములలో వాడఁబడు కొన్ని మాటల యర్థనిర్ణయము మాత్రమే. కాని యీ మాటలలో నొక ప్రత్యయము తాఱుమాఱైనచో ఆరోపించినవాఁడు ఆరోపణకు గుఱియైనవాఁడగును. ఆరోపణకు గుఱియైనవాఁడు తీర్పునకు ముందే దోషియగును. శబ్దదోషము పురుషదోషముగాఁ బరిణమించుటకు న్యాయస్థానమువంటి చోటు మఱియొకటి లేదు. కావున దీనిని వ్యాకరణదృష్టితోను చరిత్రదృష్టితోను గూడఁ బరిశీలించుట యుక్తమని తలంచి పండితులకు మనవి చేయుచున్నాను.

ఈ విచారమునకు నన్నుఁ బ్రేరేపించిన సందర్భము మా యూరి దగ్గఱనే సంభవించినది. కొంతకాలము క్రిందట మాక్లూరున నొక రైతు తన యింటి పాతపెట్టెలో దొరకిన కాగితముల కట్టను దెచ్చి నా ముందు పెట్టెను. అందు ఉర్దూలో వ్రాయఁబడిన ఫైసలా నకలొకటి యున్నది. దానిపైఁ గల ఫసలీ సంవత్సరము 1346. అనఁగా క్రీస్తుశకము 1936–37. ఆ నకలుతోఁ గూడ, ఎవరో యెప్పుడో తెలుఁగులిపిలో వ్రాసిపెట్టిన సారాంశపుఁగాగితము మఱియొకటి యున్నది. ఆ రైతు దానిపై వ్రేలు పెట్టి, "పంతులుగారూ, ఇందుల మా తాత పేరు పక్కన ముద్దాయి అని ఉన్నది. ఆయన ఏం నేరం చేసిండో జర చదివి చెప్పుండ్రి" అనెను. వారి యింట నీ మాట మూఁడు తరములనుండి గుసగుసగా నున్నదఁట. తాతపేరు మనుమనికిఁ బెట్టుట మన దేశపు టాచారమే యైనను, ఆ యింట నా పేరు నింతవఱకు నెవ్వరికినిఁ బెట్టలేదు.

నాకు ఉర్దూ లిపియందుఁ బరిచయము చాలదు. నిజామాబాదునందు ఉర్దూ బాగుగా నెఱిఁగిన యొక వృద్ధవకీలుగారి కడకు నకలును దీసికొనిపోయితిని. ఆయన రెండు పుటలు చదివి నవ్వి, "ఈయన నేరస్థుఁడు కాఁడు, దావా వేసిన యాసామి" అని చెప్పెను. కథ యింతియే: ఉమ్మడి మోటబావినీటిలోఁ దనకు రావలసిన వంతును ఇరుగుపొరుగువారు రానీయకపోఁగా ఆ తాత న్యాయస్థానమున కెక్కెను. న్యాయాధికారి సాక్షులను విచారించి, ఖర్చులతోఁ గూడ ఆయనకే డిక్రీ యిచ్చెను. ఫైసలాలో నాయన ముద్దయి. తెలుఁగుసారాంశము వ్రాసినవాఁడు తనకలవాటైన రూపమును బట్టి 'ముద్దాయి' యని వ్రాసెను. ఒక దీర్ఘము వలన గెలిచినవాఁడు నేరస్థుఁడయ్యెను.

ఇఁక శబ్దమును విచారింతము. దావా, ముద్దయి, ముద్దాలేహు అను మూఁడును ఒక్క అరబ్బీధాతువునుండి పుట్టినవి. ఆ ధాతువునకుఁ బిలుచుట యర్థము. దానినుండి తనదని చెప్పుకొనుట, హక్కు నడుగుట యను నర్థమేర్పడినది. అట్లడుగుటయే దావా. అడుగువాఁడు ముద్దయి. ఎవనిపై నడుగఁబడెనో వాఁడు ముద్దా అలైహి. దానినే ఉర్దూ వ్యవహారమున ముద్దాలేహు అనియు, మన గ్రామములలో ముద్దాలె యనియు ననిరి. అరబ్బీవ్యాకరణమున నీ రెంటికిని గల భేదము అతిసూక్ష్మము: తుదియందు ఈకారమున్నచోఁ గర్తృవాచకము, ఆకారమున్నచోఁ గర్మవాచకము. 'అలైహి' యనఁగా 'వానిమీఁద' నని యర్థము. కావున ముద్దా అలైహి యనఁగా 'ఎవనిమీఁద దావా చేయఁబడినదో వాఁడు' అని సమగ్రార్థము.

ఉర్దూ వ్యవహారమున నీ భేదము నేఁటికిని జెడలేదు. 'ముద్దయి సుస్త్, గవాహ్ చుస్త్' అను సామెత హైదరాబాదు ప్రాంతమునఁ దఱచుగా వినఁబడును. దావా వేసినవాఁడు మందకొడిగా నుండఁగా సాక్షి మిక్కిలి హుషారుగా నున్నాఁడని దాని యర్థము. ఇందు ముద్దయి యనఁగా నేరముమోపఁబడినవాఁడని చెప్పినచో సామెతలోని చమత్కారమే నశించును. తన పనికిఁ దానే వచ్చి నిలువవలసినవాఁడు మందకొడియగుటయే కదా యిందలి హాస్యము!

తెలుఁగులో నైతే సంగతి వేఱు. మన పత్రికలలోను, న్యాయస్థానములలోను నేఁడు 'ముద్దాయి' యనఁగా నేరము మోపఁబడినవాఁడే. మూలార్థమునకు సరిగా వ్యతిరేకము. ఈ వ్యత్యాసమునకుఁ గారణమేమి? నాకుఁ దోఁచినది మనవి చేయుచున్నాను. ముద్దయి శబ్దమున దకారముపై దీర్ఘము లేదు. ముద్దా అలైహి యందున్నది. తెలుఁగు 'ముద్దాయి' యందును దీర్ఘము గలదు. కావున నిది ముద్దయి శబ్దమునుండి కాక, రెండవదాని తోఁక తెగి యేర్పడిన రూపమై యుండునని యూహింపవచ్చును. దీర్ఘసమాసములను మొదటి భాగముతోఁ బిలుచుట మన వాడుకలో నపూర్వము కాదు. ఈ యూహ సరియైనచోఁ దెలుఁగువాఁడు అర్థమును దప్పుగా గ్రహింపలేదు. కర్మవాచకమునే తీసికొని, దానిని గర్తృవాచకముతో సమానధ్వని గల రూపమున కుదించెను. ఒకే చెవికి రెండును వినఁబడు చోట, అనఁగా ఉర్దూ న్యాయస్థానములు గల మన ప్రాంతమున, ఆపద కలిగినది.

ఈ కర్తృకర్మభేదము మన శాస్త్రములకుఁ గ్రొత్త కాదు. అభిపూర్వకమైన యుజధాతువునకుఁ గర్తర్థమునఁ దృచ్ప్రత్యయము చేరఁగా అభియోక్త. కర్మార్థమునఁ క్తప్రత్యయము చేరఁగా అభియుక్తుఁడు. నేరము నారోపించువాఁడు మొదటివాఁడు, ఆరోపింపఁబడినవాఁడు రెండవవాఁడు. ఇచ్చటను భేదము ఒక గుణమాత్రము: యోకారమున్నచో నాక్షేపకుఁడు, యుకారమున్నచో నాక్షిప్తుఁడు. అరబ్బీపండితుఁడు తుదియచ్చును గాపాడినట్లే, సంస్కృతపండితుఁడు నడిమియచ్చును గాపాడవలసియున్నది.

మన ప్రాంతమునకు ధర్మశాస్త్రముతోఁ గల సంబంధమును గూడ నిచ్చట స్మరింపఁదగును. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుఁడు కల్యాణపురమునందలి చాళుక్యరాజగు ఆఱవ విక్రమాదిత్యుని కాలపువాఁడు. ఆ రాజు పాలించినది 1076 మొదలు 1126 వఱకు. ఆ కల్యాణము మన బోధనుకు నైరృతిదిశ నున్నది. తరువాత పదుమూఁడవ శతాబ్దమునఁ దిక్కన కాలపువాఁడగు కేతన ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చెను. ఈ కేతనయే ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును గూడ రచించెను. తెలుఁగునకు లక్షణము చెప్పినవాఁడును, తెలుఁగున వ్యవహారధర్మము చెప్పినవాఁడును ఒక్కఁడే యగుట యాకస్మికముగాఁ దోఁపదు. శబ్దము నిలుకడగా లేనిదే ధర్మము నిలువదని యాతఁడెఱుఁగును.

వ్యవహారమను శబ్దమునకు నేఁడు మనము పని, సంగతి యని యర్థము చెప్పుచున్నాము. స్మృతులయందది న్యాయస్థానమునఁ బరిష్కరింపఁబడు వివాదము. అది చతుష్పాత్తని మితాక్షర. భాష యను మొదటిపాదమున అర్థి తన మాట చెప్పును, ఉత్తరమను రెండవపాదమునఁ బ్రత్యర్థి బదులు చెప్పును, క్రియ యను మూఁడవపాదమున లిఖితము, భుక్తి, సాక్షులు అను ప్రమాణములు చూపఁబడును, నాల్గవపాదమున సాధ్యసిద్ధి. ఉత్తరము నాలుగు విధములు: ఒప్పుకొనుట సంప్రతిపత్తి, కాదనుట మిథ్య, ఔనని యొప్పుకొనుచునే కారణాంతరముచేఁ దప్పించుకొనుట ప్రత్యవస్కందనము, ఈ వివాదము మునుపే తీరినదనుట ప్రాఙ్న్యాయము. ఈ కడపటిదే 1908 నాఁటి సివిలు ప్రొసీజరు కోడు పదునొకండవ సెక్షనునందు రెస్ జుడికేటా యను పేరఁ గనఁబడును. మన పండితులలోఁ గొందఱు న్యాయస్థానపుఁ బరిభాష యంతయుఁ బరదేశమునుండి వచ్చినదని తలంతురు. వస్తువు మనయొద్ద నుండెను, మాట మఱవఁబడినది.

మఱపునకుఁ గారణము చరిత్ర. మన ప్రాంతమున శతాబ్దముల తరబడి రాజకార్యము పారసీభాష యందు సాగెను. రెండవ సాలారుజంగు దివానుగా నున్న కాలమున, 1884 ప్రాంతమునఁ బారసీ స్థానమున ఉర్దూ రాజభాషయయ్యెను. దావా, ఫైసలా, ఇజహారు, గవాహు, మురాఫా, జమానతు మొదలగు మాటలు అప్పటినుండి గ్రామగ్రామమునఁ బాతుకొనెను. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూయే బోధనభాషగా నుండుటచేతను, దాని యనువాదశాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికిఁ దెచ్చుటచేతను ఆ పరిభాష మఱింత పరిష్కృతమయ్యెను. ఆ పరిభాష తక్కువది యని నేననను. మీఁదఁ జూపినట్లు కర్తృకర్మభేదమును మనకంటె నదియే చక్కఁగాఁ గాపాడినది. లోపము మఱియొకచో నున్నది. దావా వేసిన రైతునకుఁ దన దావాలో వ్రాయఁబడిన మాట తెలియదు. వకీలు చెప్పినదే వేదము. గుమాస్తా వ్రాసినదే శాసనము.

ఆనాఁటి భాషాపరిస్థితి యెట్టిదో చెప్పుటకు నొక్క సంగతి చాలును. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణసభలో అల్లంపల్లి వేంకటరామారావుగారను వకీలు తెలుఁగున మాటలాడఁబోఁగా సభికులలోఁ గొందఱు గోల చేసి యవమానించిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆ సంఘమును బెంచిన మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు మొదలగువారు వకీళ్లే. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ నిజామాంధ్రమహాసభ జరిగెను. 1937లో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను ఆఱవసభ మన నిజామాబాదుననే జరిగెను. మన రైతుతాత చేతికి డిక్రీ వచ్చిన ఫసలీకిని ఈ సభకును ఎడము మిక్కిలి తక్కువ. న్యాయస్థానమునఁ బరభాషలో వాదించి, బయటికి వచ్చి స్వభాషకొఱకుఁ బోరాడినవారు వీరు. భాష తెలియనివానికి న్యాయము సగమే యందునని వీరికి ననుభవపూర్వకముగాఁ దెలియును.

ముద్దయి శబ్దమువలెనే చిక్కు గొలుపు మఱియొక మాట జామీను. అరబ్బీమూలమున జామిన్ అనఁగా పూచీపడు పురుషుఁడు. జమానతు అనఁగాఁ బూచీపడుట. మొదటిది కర్త, రెండవది భావము. తెలుఁగులో జామీను అను మాటయే భావమునకుఁ జెల్లుచున్నది. పురుషుని జెప్పుటకు జామీనుదారని మఱల నొక ప్రత్యయమును దగిలించితిమి. స్మృతులయందుఁ బూచీపడు పురుషుఁడు ప్రతిభువు. వాని పూచీ ప్రాతిభావ్యము. ప్రాతిభావ్యము మూఁడు విధములని యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను: మనుష్యుని మఱల హాజరుపఱతునని దర్శనమునకు, వీఁడు నమ్మఁదగినవాఁడని ప్రత్యయమునకు, తీర్పకపోయినచో నేనిత్తునని దానమునకు. నేఁడు క్రిమినలు న్యాయస్థానమున నడుగఁబడునది ముఖ్యముగా దర్శనప్రాతిభావ్యము. అప్పునకుఁ బూచీపడుట దానప్రాతిభావ్యము. గ్రామమున నీ రెంటికిని జామీనను నొక్కమాటయే యుండుటచేత, న్యాయస్థానమున హాజరుపూచీ యిచ్చుటకుఁ బిలిచినను, అప్పు నెత్తిమీఁదఁ బడునని భయపడి వెనుదీయువారిని నేనెఱుఁగుదును. పూచీపడువాఁడు దొరకక జైలునందే యుండిపోవు పేదవాని గతి యీ మాటల గందరగోళముచేఁ గొంత పెరుగుచున్నది.

ఇఁక ఆంగ్లమును గూర్చి కొంచెము చెప్పవలెను. 1948 సెప్టెంబరు తరువాతను, 1956లో ఆంధ్రప్రదేశావతరణము తరువాతను మన ప్రాంతపు న్యాయస్థానములలో ఉర్దూ స్థానమును గ్రమముగా ఆంగ్లము గైకొనెను. రాజ్యాంగము 348వ యధికరణముచే ఉన్నతన్యాయస్థానములకు ఆంగ్లమే సామాన్యభాష. కావున మన విద్యార్థులకు ఆంగ్లమున న్యాయవిషయములను సరిగా వ్రాయుట నేర్పుట పాఠశాలాపండితుల కర్తవ్యములలో నొకటి యయినది. ఇచ్చట మనవారు చేయు తప్పులు చాలవఱకు విభక్తిదోషములు. ఆంగ్లమున విభక్తులు క్రియకు ముందువెనుకల నిలుచు చిన్నమాటలు. ఆరోపణము మొదలు శిక్షవఱకు గల ప్రతిమెట్టునకును దానిదైన చిన్నమాట యున్నది.

నేరము చేసినాఁడని యాక్షేపించునపుడు అక్యూజ్ అను క్రియకు 'ఆఫ్' చేరును. మనవారు 'ఫర్' వ్రాయుదురు. న్యాయవిధిగా నేరము మోపునపుడు ఛార్జ్ అను క్రియకు 'విత్' చేరును. 'ఛార్జ్ ఫర్' అని వ్రాసినచో వస్తువునకు వెల పుచ్చుకొనిరని యర్థము వచ్చును. దొంగతనమునకు వెల కట్టినట్లగును. విచారణ జరుగునపుడు ట్రై అను క్రియకు నేరమును 'ఫర్' తోఁ జెప్పవలెను. దోషియని తేలినపుడు కన్విక్ట్ అనుదానికిని, నిర్దోషియని తేలినపుడు అక్విట్ అనుదానికిని మఱల 'ఆఫ్'. శిక్ష విధింపఁబడునపుడు సెంటెన్స్ అను క్రియకు శిక్షను 'టు' తోడను, శిక్షకుఁ గారణమైన నేరమును 'ఫర్' తోడను జెప్పవలెను. ఇవి కంఠస్థము చేసినఁ జాలదు. వాని క్రమమును దెలిసికొనవలెను. ఆక్షేపణ, అభియోగము, విచారణ, నిర్ణయము, శిక్ష యను నైదును వేర్వేఱు మెట్లు. క్రింది మెట్టు మీఁద నున్నవానిని బై మెట్టు పేరఁ బిలువరాదు.

ఇచ్చటనే కర్తృవిచారము కూడ వచ్చును. ఆంగ్లమున ట్రై అను క్రియకు న్యాయాధిపతియే కర్త. పోలీసులు దర్యాప్తు చేయుదురు. ప్రభుత్వపక్షపు వకీలు అభియోగము నడుపును. విచారించువాఁడు న్యాయాధిపతి యొక్కఁడే. అభియుక్తుఁడు విచారణకు నిలుచును. తెలుఁగులో నైతే పోలీసులును విచారింతురు, తహసీలుదారును విచారించును, న్యాయాధిపతియు విచారించును. ఒక్క విచారణశబ్దము నలుగురు కర్తలను మోయుచున్నది. అందుచేఁ బోలీసులు విచారించిరన్న వార్తను జదివి, న్యాయస్థానమే విచారించి తేల్చినదని గ్రామస్థులు నమ్ముదురు. పోలీసుల పనికి దర్యాప్తనియు, న్యాయాధిపతి పనికి న్యాయవిచారణ యనియు నియమముగా వ్రాసినచో నీ భ్రాంతి తొలఁగును. ఈ రెండు మాటలును వాడుకలో నున్నవే. క్రొత్తగాఁ గల్పింపఁబని లేదు.

విడుదల యను మాటయు నిట్టిదే. పూచీపై బయటికి వచ్చినవాఁడును, అభియోగమునకుఁ దగిన యాధారము లేదని విడువఁబడినవాఁడును, పూర్తివిచారణానంతరము నిర్దోషియని తీర్పు పొందినవాఁడును మన పత్రికలలో విడుదలైనవారే. ఆంగ్లమున రెండవది డిశ్చార్జ్, మూఁడవది అక్విటల్. ఈ భేదము పేరుకు మాత్రమైనది కాదు. నిర్దోషిత్వపుఁ దీర్పు నిలిచియున్నంతవఱకు ఆ నేరమునకే మఱల విచారింపరాదు. డిశ్చార్జి కట్టి రక్షణము లేదు. ప్రాచీనులు ప్రాఙ్న్యాయమని చెప్పిన సూత్రమే యిచ్చట మనుష్యుని స్వేచ్ఛకుఁ గాపలా కాయుచున్నది. ఒక్క మాటతో మూఁటిని జెప్పినచో నా కాపలా కంటికిఁ గనఁబడదు.

ఇంతవఱకుఁ జెప్పినదాని సారము నిందితుఁడు, దోషి యను రెండు మాటలలో నిముడును. నిందితుఁడను శబ్దమునఁ గర్మార్థకప్రత్యయమున్నది: ఎవరో నిందించిరి, వీఁడు నిందింపఁబడెను. నింద నిజమో కాదో యా శబ్దము చెప్పదు. దోషి యను శబ్దమున మత్వర్థీయప్రత్యయమున్నది: దోషము వీనియందుఁ గలదు. మొదటి శబ్దము పరుల చేఁతను జెప్పును. రెండవది వాని సొత్తును జెప్పును. తీర్పునకు ముందు రెండవ శబ్దమును వాడువాఁడు తాను న్యాయాధిపతి పీఠమునఁ గూర్చున్నాఁడన్నమాట. నేరస్థుఁడను శబ్దమును నిట్టిదే. నేరమునందున్నవాఁడని దాని యర్థము కనుక తీర్పు వెలువడినదాఁక దాని కవకాశము లేదు.

ఈ భేదమును మన తల్లిభాష మనకంటె బాగుగా నెఱుఁగును. నేరము మోపిరి యని తెలుఁగువాఁ డనును. మోపుటయనఁగా బరువు నెత్తిపైఁ బెట్టుట. కట్టెలమోపు, గడ్డిమోపు అనునప్పటి మోపే యిది. ఆంగ్లమునందలి ఛార్జ్ శబ్దమునకును మొదటి యర్థము బరువు నెక్కించుటయే. సంస్కృతాభియోగశబ్దమునందలి యుజధాతువునకుఁ గూడ ఒకదానితో మఱియొకదానిని జేర్చుట యర్థము. మూఁడు భాషలును ఒక్కమాటే చెప్పుచున్నవి: మోపఁబడిన నేరము బయటినుండి వచ్చినది, పరులు పెట్టినది, దింపుటకు వీలైనది. మోపును మోయువాఁడు మోపు కాఁడు.

ఈ వివేకము పండితులకు మాత్రము వలసినదని తలంపరాదు. జాతీయ నేరగణాంకసంస్థ లెక్కల ప్రకారము 2022 సంవత్సరాంతమున మన దేశపు జైళ్లలో నున్నవారు 5,73,220 మంది. వారిలో విచారణ ముగియనివారు 4,34,302 మంది. అనఁగా నలుగురిలో మువ్వురు తీర్పు వినని వారే. వీరిని మనము విచారణఖైదీలని పిలుచుచున్నాము. ఖైదీ యనఁగానే నేరము చేసినవాఁడని లోకము వినును. ముందున్న విచారణశబ్దమును వినదు. విచారణ జరుగకయే నిర్బంధింపఁబడినవారి కథ మన పట్టణమునకుఁ గ్రొత్త కాదు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులుగారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు నిజామాబాదు జైలునందు నిర్బంధింపఁబడిరి. దాశరథిగారు ఆ గోడలపై బొగ్గుతోఁ బద్యములు వ్రాసిరి. వారిని దోషులనుటకు నోరాడునా? నిర్బంధితుఁడును క్తప్రత్యయాంతమే, నిందితుఁడును క్తప్రత్యయాంతమే. ఆ రెంటినుండియుఁ దోషిశబ్దమునకు దారి న్యాయాధిపతి తీర్పు గుండనే కాని మఱియొక దిక్కున లేదు.

ఇచ్చట నొక యాక్షేపణము రావచ్చును. యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రజ్ఞుల మతము. తెలుఁగున ముద్దాయి యనఁగా నభియుక్తుఁడని రూఢియైనపుడు అరబ్బీవ్యుత్పత్తిని జూపి దానిని దిద్దఁబోవుట వ్యర్థము కాదా? ఈ యాక్షేపణమును నేనంగీకరింతును. లోకము స్థిరపఱచిన యర్థమును వ్యుత్పత్తి చూపి తీసివేయలేము. తగవు శబ్దమునకుఁ బూర్వకవుల కాలమున న్యాయము, యోగ్యత యని యర్థము. నేఁడు కలహమని యర్థము. తగినదే తగవైనది, తగవే తగాదాకుఁ బర్యాయమైనది. దాని నెవ్వఁడును మరలించలేఁడు. కావున నేఁటి తెలుఁగువార్తలో ముద్దాయిశబ్దమును నేఁటి యర్థముననే గ్రహింతము. కాని రూఢికి దేశకాలములు గలవు. 1948కిఁ బూర్వపు హైదరాబాదు రాజ్యపు కాగితములను జదువునపుడు ఆ దేశకాలముల రూఢినే గ్రహింపవలెను; ఆ కాగితములలో ముద్దయి వాది, ముద్దాలేహు ప్రతివాది. ఈ మాత్రపు వివేకము లేక పాత ఫైసలాలను తెలుఁగుసేయువాఁడు ఒక కుటుంబపు గౌరవమునే తలక్రిందు చేయును.

కాలము కూడ నీ విచారము నపేక్షించుచున్నది. 2023 జూను నెలలోఁ దెలంగాణ యున్నతన్యాయస్థానము ఒక యాస్తివివాదపు టప్పీలులోఁ దెలుఁగునఁ దీర్పు వెలువరించెను. 2024 జూలై 1వ తేదినుండి పాత క్రిమినలు చట్టముల స్థానమున భారతీయ న్యాయసంహిత, భారతీయ నాగరిక సురక్షాసంహిత, భారతీయ సాక్ష్య అధినియమము అను మూఁడు చట్టములు ప్రవర్తిల్లుచున్నవి. పేర్లు సంస్కృతమయినంతమాత్రమునఁ బరిభాష సుస్థిరము కాదు. తెలుఁగున దీర్పులు వ్రాయు దినములు వచ్చుచున్నపుడు వాది యెవఁడు, ప్రతివాది యెవఁడు, అభియోక్త యెవఁడు, అభియుక్తుఁడెవఁడు, దోషి యెవఁడు అను మాటలు ఒక్కొక్కటి యొక్కొక్క యర్థమునకే కట్టుపడి యుండవలెను. పాఠశాలలలోఁ గృత్ప్రత్యయములు బోధించునపుడు పాచకుఁడు, పక్వము అను నుదాహరణములతోఁ బాటు అభియోక్త, అభియుక్తుఁడు, నిందితుఁడు, దోషి అను నుదాహరణములను గూడఁ జూపుఁడని పండితమిత్రులకు నా ప్రార్థన. సూత్రమేలనని యడుగు బాలునకు దీనికంటె మంచి సమాధానము నాకుఁ గనఁబడలేదు.

వకీలుగారు చెప్పిన సంగతిని నేనా రైతునకు మాక్లూరునఁ జెప్పితిని. ఆతఁడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత నకలును మడిచి కట్టలోఁ బెట్టి, "అయితే మా నాయిన ఊకెనే సిగ్గువడ్డడన్నమాట" అనెను. ఆ తండ్రి యిప్పుడు లేఁడు. ఆయనకు నీ మాట చెప్పువారు బ్రతికియున్నప్పు డెవ్వరును లేకపోయిరి. తెలుఁగుసారాంశపుఁ గాగితమును నాయొద్దనే విడిచి, దానిని దిద్ది యిమ్మని యడిగెను. ముద్దాయి యను మాటను గొట్టివేసి, దానిపై వాది యని వ్రాసి యిచ్చితిని.